మొరం దారిలో మన పిల్లలు



ఈ మధ్య లాలాపేటలోను తార్నాకలోను గృహ దర్శనములకు వెళ్లినప్పుడు తల్లిదండ్రులు మా ముందు ఒక కొత్త ఫిర్యాదు పెడుతున్నారు. అది టీవీ గురించి కాదు, సెల్ ఫోను గురించి కాదు. సైకిలు గురించి. "అయ్యగారూ, మావాడు సైకిలు కొన్నాడు. మోటారు సైకిలు కాదండి, తొక్కేదే. దాని ఖరీదు నలుగురిలో చెప్పుకొనేటట్టు లేదు. శనివారము వచ్చిందంటే తెల్లవారుజామున నాలుగింటికే లేచి గుట్టలు, అడవులు అంటూ పోతున్నాడు. మీరు ఒక మాట చెప్పి మాన్పించండి" అని అడుగుతున్నారు.

వారి మాటలను విడదీసి చూస్తే అందులో మూడు సంగతులు ఉన్నవి. ఒకటి, డబ్బు దండగ. రెండు, ప్రాణానికి ప్రమాదము. మూడు, పిల్లవాడు ఇంటికి దూరమవుతున్నాడు. ఈ మూడును తీసివేయదగిన మాటలు కావు. అయితే మాన్పించుట ఒక్కటే మందు అని మాకు తోచలేదు. అందుచేత ఈ నెల ఈ శీర్షికను ఈ సంగతికే కేటాయించినాము.

అసలు ఇది ఏమిటి?

దీనిని గ్రావెల్ బైకింగ్ అంటున్నారు. గ్రావెల్ అనే మాట విని బెదరనక్కర లేదు. మన తెలంగాణలో చిన్నపిల్లవాడిని అడిగినా చెప్తాడు, అది మొరం. తారు వేయని మొరం రోడ్డు మీద, కంకర బాట మీద, చెరువు కట్ట మీద, అడవి అంచున బండ్ల బాట మీద దూరాలు తొక్కుకొంటూ పోవుటయే ఈ ఆట.

ఈ సైకిలు పందెపు సైకిలువలె వంగిన హ్యాండిలుతో ఉంటుంది గాని దాని టైర్లు వెడల్పు. తారు రోడ్డు మీద పందెములకు వాడే సైకిలు టైరు ఇంచుమించు 25 నుండి 28 మిల్లీమీటర్లు ఉండగా, దీనిది 38 నుండి 45 వరకు ఉంటుంది. గాలి కూడ తక్కువగా కొడతారు. అందువలన టైరు కొంచెము మెత్తబడి, రాయి తగిలినప్పుడు ఎగిరిపడకుండ రాయిని తనలో ఇముడ్చుకొని సాగిపోతుంది.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రములో ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల నడుమ, 2006లో 34 మంది కలిసి 200 మైళ్ల మొరం దారి పందెము ఒకటి పెట్టుకొన్నారు. ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్. నేడు వేలమంది పాల్గొనే పందెముగా అది పెరిగింది. 2022లో ఇటలీ దేశపు వెనెటో ప్రాంతములో ఈ ఆటకు మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. మన పిల్లలు ఈ ఆటను ఫోనులో చూసే నేర్చుకొన్నారు. అందులో తప్పు లేదు. కాని వారికిని వారి తండ్రులకును తెలియని సంగతి ఒకటి ఉన్నది.

తాతల సైకిలు

లాలాగూడ రైల్వే వర్కుషాపు 1893లో ఏర్పడింది. అందులో పని చేసి రిటైరైన పెద్దలు మా పేటలో అనేకులు ఉన్నారు. వారు డ్యూటీకి వెళ్లినది నల్లటి సైకిలు మీదనే. ముందు గొట్టపు హ్యాండిలు, కడ్డీ బ్రేకులు, వెనుక క్యారియరు, దాని మీద టిఫిను డబ్బా. ఆ సైకిలు టైరు ఎంత వెడల్పు అని మేము ఒకరి ఇంటిలో చూసినాము. టైరు మీద 28 x 1½ అని అచ్చు వేసి ఉన్నది. ఒకటిన్నర అంగుళము అంటే 38 మిల్లీమీటర్లు. లక్ష పెట్టి కొన్న సైకిలుకు ఉన్న వెడల్పే!

ఇది కాకతాళీయము కాదు. ఆ సైకిలును తయారు చేసినది తారు లేని రోడ్ల కొరకే. పాలు పోసేవారు, పోస్టుమాన్, బడిపంతులు, బట్టల మూట కట్టుకొని ఊరూరా తిరిగే వ్యాపారి, వీరందరు తొక్కినది మొరం దారులలోనే. మన సంఘముల చరిత్రలో కూడ ఈ సైకిలుకు చోటు ఉన్నది. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు 1912లో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయినారు. ఆయన పల్లెలు దర్శించినది ఎద్దుల బండి మీద, సైకిలు మీద. ఆయన తర్వాత ఎందరో ఉపదేశకులు చేతి సంచి ఒకటి హ్యాండిలుకు తగిలించుకొని వాగులు దాటినారు. వాగులో నీళ్లు ఎక్కువుంటే సైకిలును భుజము మీద ఎత్తుకొన్నారు.

కాబట్టి తండ్రులారా, మీ కుమారుడు పరదేశపు పిచ్చిలో పడ్డాడని అనుకొనవద్దు. మీ నాన్నగారు చేసిన పనినే అతడు చేస్తున్నాడు. తేడా ఒక్కటే. ఆయన అవసరము కొద్ది తొక్కినారు, ఇతడు ఇష్టము కొద్ది తొక్కుతున్నాడు. కుమారులారా, మీరును ఇది మీరే కనిపెట్టిన సంగతి అనుకొనవద్దు. ఇంట్లో మూలన ఉన్న ముసలాయనను అడిగితే, ఎదురు గాలిలో ఎట్లా తొక్కాలో, జారే మట్టిలో ఎక్కడ దిగాలో మీ ఫోను కంటె బాగా చెప్తాడు.

డబ్బు మాట

ఇక మొదటి ఫిర్యాదు. అసలు గ్రావెల్ సైకిళ్ల ధర అరవై, డెబ్బై వేల రూపాయల దగ్గర మొదలై లక్షలు దాటుతుంది. అప్పు చేసి, చెల్లెలి ఫీజు ఆపి, నెలనెలా వాయిదాలు కట్టి కొనుట తగదు. దీనిలో మా మాట గట్టిదే. కాని మొరం దారికి లక్ష రూపాయల సైకిలు అక్కరలేదు అనే సంగతి కూడ చెప్పవలెను. బ్రేకులు బాగుండి, టైరు వెడల్పుగా ఉండి, చక్రము వంకర లేని మామూలు గేరు సైకిలు సరిపోతుంది. ముందుగా స్నేహితుని సైకిలు అడిగి నాలుగు వారములు తొక్కి చూడండి. నాలుగు వారముల తర్వాత కూడ తెల్లవారుజామున మెలకువ వస్తే, అప్పుడు కొనుట గురించి ఇంట్లో కూర్చుండి మాట్లాడుకొనండి.

ఇంకొక లెక్క కూడ చూడండి. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని, 5 నుండి 17 ఏండ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషములు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపింది. మన తార్నాకలోనే 1958 నుండి జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. దాని గోడ పక్కనుండి రోజూ ఆటోలో పోయే మనము, దేశములో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము తేల్చిన సంగతిని మరచిపోతున్నాము. ఇరవై ఐదేండ్లకే నడుము నొప్పి అంటున్న కంప్యూటరు ఉద్యోగి ఉదయమున మూడు గంటలు సైకిలు తొక్కితే, ఆ ఖర్చంతా దండగ అనుటకు లేదు.

అడవి భయమా, రోడ్డు భయమా?

రెండవ ఫిర్యాదు ప్రమాదము గురించి. తల్లులకు అడవి అంటే భయము. పాములు, ఎలుగుబంట్లు, దారి తప్పుట. కాని మేము విచారించినకొద్ది తెలిసినదేమంటే, సైకిలు తొక్కేవానికి ఎక్కువ అపాయము అడవిలో లేదు, అడవికి చేరే తారు రోడ్డు మీద ఉన్నది.

2022 ఒక్క సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయినారు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లేది వికారాబాదు వైపు, అనంతగిరి గుట్టలకు. ఆ దారిలో చేవెళ్ల దగ్గర రోడ్డుకు ఇరువైపుల ఊడలు దిగిన మర్రిచెట్లు ఎంతో అందముగా ఉంటవి. కాని ఆ బీజాపూరు రోడ్డు ఇరుకు, దానిలో లారీల రద్దీ ఎక్కువ. 2025 నవంబరు 3న అదే దారిలో మీర్జాగూడ వద్ద కంకర నింపుకొన్న టిప్పరు ఎదురుగా వస్తున్న ఆర్టీసీ బస్సును గుద్దగా సుమారు 20 మంది ప్రాణములు పోయినవి. బస్సులో కూర్చున్నవారికే రక్షణ లేని చోట, చీకటిలో సైకిలు తొక్కుకొంటూ పోయేవాని సంగతి ఏమి చెప్పవలెను?

అందుచేత మా సలహా ఇది. లాలాపేట నుండి అనంతగిరి 80 కిలోమీటర్ల పైన ఉన్నది. ఆ దూరమంతా లారీల నడుమ తొక్కి చూపించుట ధైర్యము కాదు. సికింద్రాబాదు నుండి వికారాబాదుకు రైలు ఉన్నది. సైకిలును లగేజీగా బుక్ చేసి పంపవచ్చును. లేదా నలుగురు కలిసి ఒక వాహనము మాట్లాడుకొని సైకిళ్లు దానిలో వేసుకొనవచ్చును. మొరం దారి ఎక్కడ మొదలవుతుందో అక్కడ దిగి తొక్కండి. ఇంకా అలవాటు కానివారు ఔటర్ రింగు రోడ్డు పక్కన నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు బాట మీద నేర్చుకొనవచ్చును. దాని మీద సోలారు పలకల కప్పు ఉన్నది గనుక ఎండ కూడ తగలదు.

అంతకంటె దగ్గరగా మనకు విశ్వవిద్యాలయపు ఆవరణ ఉన్నది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనము చూచుటకు ఎక్కడెక్కడినుండో వస్తారు. దాని వెనుక, పక్కన బండల నడుమ చెట్ల కింద ఎర్రమట్టి బాటలు ఉన్నవి. అక్కడివారి నియమములు పాటిస్తూ, నడిచే పెద్దలకు దారి ఇస్తూ, ఆ బాటల మీద నెల రోజులు తొక్కితే మొరం అంటే ఏమిటో చేతులకు తెలుస్తుంది. మొరంలో ముందు బ్రేకు గట్టిగా పట్టితే చక్రము జారి పడతారు. మలుపులోకి వెళ్లిన తర్వాత కాదు, మలుపునకు ముందే వేగము తగ్గించవలెను. దిగుడులో సీటు మీదనుండి కొంచెము లేచి, మోచేతులు వంచి, రెండు పెడళ్లు సమానముగా ఉంచవలెను. కంటి చూపు రాయి మీద పెట్టితే సైకిలు ఆ రాయి మీదికే పోతుంది. పోవలసిన చోటు మీద పెట్టితే అక్కడికి పోతుంది.

అడవి గురించి కూడ నాలుగు మాటలు. రిజర్వు అడవి మన తోట కాదు. అటవీ శాఖవారి అనుమతి ఉన్న బాటలలోనే వెళ్లవలెను. నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యములో శ్రీశైలము రోడ్డు మీదనే రాత్రి 9 నుండి ఉదయము 6 వరకు వాహనములను ఆపుతారు. అక్కడ బాట వదలి సైకిలు తొక్కవచ్చునని ఎవరైనా చెప్పితే నమ్మవద్దు. పూడూరు మండలములోని దామగుండం అడవి మన నగరవాసులకు పరిచయమైనదే. అక్కడ 2,900 ఎకరములు నౌకాదళపు రేడియో కేంద్రమునకు కేటాయించబడి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. నిరుడు తొక్కిన బాట ఈ ఏడు తెరిచి ఉంటుందని అనుకొనకుండ ఊరివారిని అడిగి ముందుకు పోవలెను. రంపచోడవరము, మారేడుమిల్లి మీదుగా గోదావరి లోయ వైపు వెళ్లదలచినవారు ఇంకను జాగ్రత్తపడవలెను. అక్కడ ఫోను పలుకని చోట్లు ఉన్నవి, దోమలతో మలేరియా ఉన్నది, ఘాటు దిగుడులు పొడవుగా ఉంటవి. ఆ ప్రయాణము మొదటి సంవత్సరములోనే చేయవలసినది కాదు.

ఇంటికి దూరమా?

మూడవ ఫిర్యాదు అన్నిటికంటె బరువైనది. పిల్లవాడు ఇంట్లో ఉండుట లేదు అనే మాట వెనుక, ఇంట్లో ఉన్నప్పుడు మాట్లాడుట లేదు అనే బాధ ఉన్నది. మేము విన్నంతవరకు సైకిలు రాకముందే ఆ మౌనము వచ్చింది.

గడచిన డిసెంబరులో మా సంఘపు యువకులు ఎనిమిదిమందితో అనంతగిరికి వెళ్లినాము. ఒక నియమము పెట్టినాము. వీలైనవారు తండ్రినో మామనో వెంట తీసుకొని రావలెను. ఇద్దరే వచ్చినారు. వారిలో ఒకరు వర్కుషాపులో చేసి రిటైరైన పెద్దమనిషి, తన పాత నల్ల సైకిలుతోనే వచ్చినారు. కుమారునిది కొత్త గ్రావెల్ సైకిలు. ఇంట్లో వారిద్దరికి మాటలు లేక కొన్ని నెలలైనదని మాకు తెలుసు.

వికారాబాదు స్టేషనులో దిగి, ఐదారు కిలోమీటర్లు ఎక్కుడు. పిల్లలు ఉత్సాహముతో ముందుకు పోయినారు. పెద్దాయన సగములోనే దిగి నడిచినారు. మేమును దిగి నడిచినాము. ఎర్ర రాతి నేల, ఇరువైపుల చెట్లు, చల్లని గాలి. క్షయ రోగుల కొరకు ఈ గుట్ట మీద ఆసుపత్రి కట్టినది ఊరికే కాదు. పైకి చేరేసరికి పిల్లలు మా కొరకు కూర్చున్నారు. పెద్దాయన కుమారుని సైకిలును చుట్టూ తిరిగి చూసినారు. క్యారియరు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. చెట్టుకు ఆనించి ఉన్నది.

"గింత పెట్టి కొన్నవు, స్టాండు కూడ ఇయ్యలేదారా?" అన్నారు.

అందరు నవ్వినారు. కుమారుడు కూడ నవ్వినాడు.

తర్వాత అడవి అంచు బాటలో వాని టైరులో సర్కారు తుమ్మ ముల్లు దిగింది. పక్క ఊరిలో పంక్చరు దుకాణము ఉన్నది గాని, ఆ కొత్త సైకిలు ట్యూబుకు ఉన్నది సన్నని విదేశపు వాల్వు. దుకాణపు పంపు దానికి పట్టదు. వాని దగ్గర చేతి పంపు ఉన్నది, చిన్నది. తండ్రి అంగీ చేతులు పైకి మడిచి, టైరు లోపలి అంచంతా వేలితో తడిమి విరిగిన ముల్లు మొన తీసినారు. అది తీయకుండ కొత్త ట్యూబు వేస్తే ఇంకొక పంక్చరు అని చెప్పినారు. ట్యూబు వేసినది కుమారుడు. గాలి కొట్టినది ఇద్దరు, వంతులు వేసుకొని. చేతి పంపుతో ఆ టైరు నిండుటకు చాలసేపు పట్టింది. ఆ చాలసేపు వారు మాట్లాడుకొన్నారు. ఏమి మాట్లాడుకొన్నారో మేము వినలేదు, వినవలసిన పని లేదు. వారింట్లో అన్నియు సర్దుకొన్నవని మేము చెప్పుట లేదు. మాట మొదలైనదని మాత్రము చెప్పగలము.

ఆ గుట్టల గురించి పిల్లలకు ఒక సంగతి చెప్పినాము, మీకును చెప్తాము. మూసీ నది పుట్టుక ఆ అనంతగిరి గుట్టలలోనే. అక్కడ కురిసిన వానలో తూర్పు వాలున పడిన నీరు మూసీగా మారి గండిపేట చేరుతుంది. 1908 సెప్టెంబరులో ఆ నది పొంగి నగరములో వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ తర్వాతనే 1920లో గండిపేట జలాశయము, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. అక్కడనుండి నది నగరము గుండా పారి, మన విశ్వవిద్యాలయపు దక్షిణాన అంబర్‌పేట పక్కగా పోతుంది. అక్కడ మనము ముక్కు మూసుకొని వంతెన దాటుతాము. గుట్ట మీద చూచిన ఆ శుభ్రమైన చోటును, ఇక్కడి ఈ మురుగును కలిపేది ఒకే నీరు. మధ్యలో కలిపినది మనము. పడమటి వాలున పడిన నీరు కాగ్నా నదిగా కర్ణాటకలోనికి పోయి భీమా నదిలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, భీమా రాయచూరు వైపున కృష్ణలోనే కలుస్తుంది. ఒకే గుట్ట మీద విడిపోయినవి ఒకే నదిలో కలుసుకొంటున్నవి. ఈ సంగతిని పాఠ్య పుస్తకములో చదివిన పిల్లలకును, ఆ వాలు మీద సైకిలు ఆపి రెండు వైపుల చూచిన పిల్లలకును తేడా ఉంటుంది.

అమ్మాయిల మాట

తల్లిదండ్రులు కుమారుల గురించి ఫిర్యాదు చేస్తున్నారు గాని, కుమార్తెల గురించి ఎవరు అడుగుట లేదు. ఎందుకనగా వారిని పంపుట లేదు. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమముతోపాటు పల్లె స్త్రీలకు సైకిలు నేర్పినారు. రాళ్లు కొట్టే పని చేసే స్త్రీలు, కూలి తల్లులు వేలకు వేలు నేర్చుకొని, నీళ్లకు, పనికి, సంతకు ఎవరి మీద ఆధారపడకుండ వెళ్లినారు. 2006లో బీహారు ప్రభుత్వము హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లు ఇవ్వగా, బడిలో చేరే అమ్మాయిల సంఖ్య సుమారు మూడవ వంతు పెరిగినదని ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్క తీసినారు. పల్లె మొరం దారిలో బడికి పోయే అమ్మాయికి సైకిలు ఆట కాదు, చదువు. మన ఇంటి అమ్మాయికి కూడ చెరువు కట్ట మీద, విశ్వవిద్యాలయపు బాట మీద తొక్కే హక్కు ఉన్నది. ఒంటరిగా పంపుటకు భయమైతే, తల్లి వెంట వెళ్లవచ్చును. తల్లికి రాకపోతే కూతురు నేర్పవచ్చును.

పంపే ముందు

కాబట్టి ప్రియులారా, వద్దని చెప్పుటకు బదులు నేర్పించి పంపండి. పంపే ముందు ఈ సంగతులు చూడండి.

ఒంటరిగా పంపవద్దు, ముగ్గురికి తగ్గవద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉండుటకు, ఒకరు సహాయమునకు వెళ్లుటకు ముగ్గురు కావలెను. జట్టులో అందరికంటె నెమ్మదిగా తొక్కేవాని వేగమే జట్టు వేగము కావలెను. వానిని వెనుక వదలి పోయేవారితో మీ పిల్లలను మళ్లీ పంపవద్దు. ఏ దారిన పోతున్నారో, ఏ గంటకు తిరిగి వస్తారో కాగితము మీద రాసి ఇంట్లో పెట్టి పోవలెను. హెల్మెటు లేకుండ గేటు దాటనీయవద్దు. వెనుక ఎర్ర దీపము ఉండవలెను.

గంటకు అర లీటరుకు తగ్గకుండ నీళ్లు తీసుకొని పోవలెను. మార్చి దాటిన తర్వాత పది గంటలకల్లా నీడకు చేరవలెను. అరటిపండ్లు, పల్లీపట్టీలు, ఇంట్లో చేసిన జొన్నరొట్టె, ఒక ఓఆర్ఎస్ పొట్లము చాలును. రెండు ట్యూబులు, పంపు, టైరు విప్పే పుల్లలు, పంక్చరు అతుకులు వెంట ఉండవలెను. వాటిని వాడుట ఇంటి ముందు ఒకసారి చేసి చూపించమనండి. చూపించలేనివాడు ఆ వారము ఇంటి దగ్గరే ఉండవలెను.

వాన పడిన మరునాడు రేగడి నేలల వైపు పోవద్దు. చేవెళ్ల, వికారాబాదు ప్రాంతములలో ఎర్ర మొరం ఎంత త్వరగా ఆరుతుందో, నల్ల రేగడి అంత కాలము పట్టి ఉంటుంది. ఆ మట్టి చక్రమునకు, చట్రమునకు మధ్య ముద్దగా దిగి చక్రము తిరుగనీయదు. అప్పుడు సైకిలు మిమ్ములను మోయదు, మీరే దానిని మోయవలెను.

చేను గట్టు మీదుగా బాట ఉన్నచోట రైతును అడిగి పోవలెను. తెరిచిన కంచెను మళ్లీ వేయవలెను. మేకల మంద ఎదురైతే దిగి నిలబడవలెను. నీళ్ల సీసాలు, బిస్కెట్ కాగితములు తిరిగి ఇంటికే రావలెను. మనకు ఆ దారి సెలవు దినపు సరదా. అక్కడివారికి అది రోజువారి దారి.

ఇంకొక చిన్న మాట. ఆదివారము ఉదయమున పంపవలెనా అని కొందరు అడిగినారు. శనివారము కూడ ఉదయము ఉంటుంది కదా!

చివరిగా తండ్రులకు. మీ కుమారుని సైకిలు ఒకసారి చేతికి తీసుకొనండి. ఖరీదు అడుగవద్దు, టైరు నొక్కి చూడండి. గాలి ఎంత కొట్టినాడో, ఎందుకు అంతే కొట్టినాడో అడుగండి. తొక్కుట మరచినాము అనుకొనవద్దు, అది మరచిపోయే విద్య కాదు. విశ్వవిద్యాలయపు బాటలలో తెల్లవారి ఆరింటికి రద్దీ తక్కువ. పాత సైకిలు గొలుసుకు నూనె వేయించి, వచ్చే శనివారము వాని వెంట బయలుదేరండి. వాడు ముందు పోతే పోనీయండి. మలుపు దగ్గర ఆగి మీ కొరకు చూస్తాడు.